మిద్దెమీద ఎర్ర చుక్క

ఆ ఏడు ఆషాఢంలో మబ్బే లేదు. వేరుశనగ విత్తనాలు ఇంట్లో పెట్టుకుని రైతులు ఆకాశాన్ని తిట్టుకుంటుంటే, మా బడికి మాత్రం ఎవరో దాత పంపిన టెలిస్కోపు వచ్చింది. వానాకాలంలో నక్షత్రాలు ఇంత శుభ్రంగా కనపడడం మా అనంతపురం సీమకే చెల్లింది. సైన్సు పంతులమ్మను కాబట్టి దాన్ని ఇంటికి మోసుకొచ్చి మిద్దెమీద పెట్టుకునే భాగ్యం నాకే దక్కింది.

నాకు చూడాలని ఉన్నది ఒక్కటే. మన సూర్యుడికి ఇరుగుపొరుగున ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం. పక్కింట్లో ఉన్నా వట్టి కంటికి ఆనదు, అంత మసక. బడి, బస్సు, వంట ముగించుకుని, విరిగిన నడుముతో ఎన్నో సాయంత్రాలు వెతికాను. దొరికిన రోజు ఏడుపొచ్చినంత పనైంది. ఎర్రటి చుక్క, అంతే. ఇంతేనా అని కూడా అనిపించింది. అయినా అమ్మకు చూపించాలనుకున్నాను.

మా ఊరు ధర్మవరం. అమ్మ పట్టు అచ్చులు అతుకుతుంది. అంటే, మగ్గం మీద పాత పడుగు, ఆ నిలువు పోగులు, అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగును పోగుపోగునా వేళ్ళతో నులిమి కలపాలి. వెంట్రుక కన్నా సన్నని పోగులు. నాయన పోయాక మమ్మల్ని సాకింది ఆ పనే. నాకు ఉద్యోగం వచ్చాక మానమంటే, "మానేసి ఏం చేయల్ల, గోడ చూసుకుంటా కూచోవల్లనా?" అంటుంది. ఈమధ్య అతుకులు తెగుతున్నాయని మగ్గమాయన గొణిగితే, పట్టే మంచిది రావడం లేదని కసిరింది. నేనూ నమ్మాను.

గాలికి దుమ్ము లేస్తోందని టెలిస్కోపు గొట్టానికి మూత పెట్టి, అమ్మను పిలవడానికి కిందికి దిగాను. మెట్లెక్కుతూ, ఎర్రగా, సన్నగా ఉంటుందని చెప్పాను. అమ్మ వంగి కన్ను ఆనించింది.

"కనపడిందా?"

"కనపడె పాపా. ఎర్రగా, సన్నగా. బాగుండాది."

అప్పుడు చూశాను, మూత తీయనే లేదు. నవ్వాగలేదు. పెళ్ళిలో మిట్టమధ్యాహ్నం అరుంధతిని చూపిస్తే కనపడిందనడం మా వాళ్ళ మర్యాద. "అరుంధతిని చూసినట్టే చూసినావు కదమ్మా! మూత పెట్టే ఉండాది" అన్నాను.

అమ్మ నవ్వలేదు. పిట్టగోడ పట్టుకుని నిలబడింది. నాకు భయమేసింది.

మూత తీసి, పక్కకు జరిగిన చుక్కను మళ్ళీ నడిమికి తెచ్చాను. అమ్మ ఈసారి చాలాసేపు చూసింది.

"కనపడల్యా" అంది. "పోగులు కూడా కనపడ్డం ల్యా పాపా, చానా దినాలాయ. వేళ్ళతో తడుముకోని అతుకుతాండా. మగ్గమాయనకు చెప్పాకు."

కోపమొచ్చింది, ఆమె మీదో నా మీదో తెలియలేదు. టెలిస్కోపుకు మళ్ళీ మూత పెట్టేశాను. రేపు సెలవు పెడతాను, కంటాస్పత్రికి పోదామన్నాను.

"రేపొద్దు పాపా" అంది అమ్మ. "రేపొక అచ్చు ఒప్పుకోని వచ్చినా."