నూనె ప్రకటనలో చిన్నాయన నడక

మా చిన్నాయన టీవీలో మెట్లు ఎక్కుతున్నాడని నాకు మొదట చెప్పింది అమ్మ. ఫోన్‌లో ఆమె గొంతు విని ఎవరికో ఏదో అయిందనుకున్నాను. "నీ చిన్నాయన తెలుగు చానల్ల వస్తుండు, జల్ది పెట్టు" అంది. నేను పెట్టేసరికి ఆయన వచ్చి వెళ్లిపోయాడు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ప్లాస్టిక్ మోకాలు చేత్తో పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఇలాంటి ప్రకటన ఒకసారి వస్తే మళ్లీ రాకుండా ఉండదని తెలుసు కాబట్టి కూర్చుని ఎదురుచూశాను. నా బతుకుతెరువు అదే మరి. సూరత్‌లో, అడాజన్ వైపు ఒక కాలేజీలో మీడియా స్టడీస్ చెబుతాను. లోకమంతా ప్రకటనలు రాగానే చానల్ మారుస్తుంది, నేను ప్రకటనల కోసం చానల్ మారుస్తాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. పెళ్లిళ్లు కాకముందే అన్నదమ్ములిద్దరూ కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరారు. నాన్న ఇప్పుడు లేడు. చిన్నాయన వడోద్‌లో ఉంటూ రోజూ సచిన్ పారిశ్రామికవాడకు బస్సులో వెళ్లి ఇంకా మగ్గాలే నడుపుతున్నాడు. రెండు వరుసల మగ్గాల మధ్య సందులో పొద్దంతా నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగు దొరకబట్టి ముడివేయడం ఆయన పని. ఆ పనిలో ఉన్నవాళ్లకు పగార్ ఎప్పుడైనా ఆలస్యం కావచ్చు గానీ మోకాళ్ల నొప్పులు మాత్రం వేళకే వస్తాయి.

ప్రకటన మళ్లీ వచ్చింది. నీలిమందు కలిపినట్టున్న గదిలో చిన్నాయన మంచం పట్టె పట్టుకుని లేవబోతున్నాడు. ఎండు పుల్ల విరిచినట్టు కీళ్లలోంచి చప్పుడు. తర్వాత సీసాలోంచి నూనె, వెనక నుంచి వెలుతురు పడి బంగారంలా మెరుస్తూ, అరచేతిలోకి జారింది. వేణువు మొదలైంది, గది పసుపు రంగుకు తిరిగింది, చిన్నాయన కొత్త చొక్కా వేసుకుని నడిచాడు. రెండు పాదాలు మెట్లు చకచకా ఎక్కాయి. పై మెట్టు మీద మళ్లీ ఆయన ముఖం. "నేను మగ్గం కార్మికుణ్ణి. ఒకప్పుడు నిలబడలేకపోయేవాణ్ణి. ఇప్పుడు చూడండి ఎలా నడుస్తున్నానో!" అన్నాడు, ఎవరో నేర్పిన పుస్తకాల తెలుగులో. అడుగున చీమల బారులాగా అక్షరాలు పరుగెత్తాయి. ఇది నాటకీయ చిత్రణ మాత్రమే అని అందులో ఉంటుందని నాకు చదవకుండానే తెలుసు.

నాకు ముందు నవ్వొచ్చింది. మెట్లెక్కిన పాదాలు ఆయనవి కానే కావు. చిన్నాయన కుడికాలి బొటనవేలి గోరు మగ్గం ఇనుము మీద పడి ఏనాడో ఊడిపోయింది, మళ్లీ రాలేదు. టీవీలో పాదాలకు గోళ్లన్నీ ఉన్నాయి.

ఆదివారం వడోద్ వెళ్లాను. చిన్నాయన మంచి హుషారుగా ఉన్నాడు. టీ కొట్టు దగ్గర ఎవరో వచ్చి తెలుగు ముఖాలు కావాలంటే ఈయన వెళ్లాడట. ఒక రోజు కూలీ, భోజనం, ఆ చొక్కా ఆయనకే.

"చీరల ఫోటోలు తీస్తరు గద, గసొంటి స్టూడియోల తీసిండ్రు" అన్నాడు. "పొద్దుగాల వోంగనే నడుసుడు తీసిండ్రు. కుంటుడు మాపటికి తీసిండ్రు. అప్పటిదాంక కూసోనియ్యలే. మోకాళ్లు నిజంగనే నొచ్చినయ్."

అంటే నయమైన మనిషిని ముందు తీసి, జబ్బు మనిషిని తర్వాత తీశారన్నమాట. పాఠం చెప్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? నాకు లోపల దీపావళిలా ఉంది. రెండు షాట్లు పక్కపక్కన పెడితే మధ్యలో జరగని కథను చూసేవాడే అల్లుకుంటాడని, ఏ షాటుకు ఆ షాటు నిజమేనని, అబద్ధమంతా అతుకులో ఉంటుందని చిన్నాయనకు వివరించబోయాను. అబద్ధమాడినా అతికినట్టుండాలని మనవాళ్లు ఊరికే అనలేదు. పోగులు అతికి బతికిన మనిషి కదా, అర్థం కాకపోవడమేముంది. కానీ ఆయన వేరే చోట పట్టుకున్నాడు.

"గట్లయితె నేనేం అబద్ధం ఆడిన బిడ్డా? పొద్దుగాల నొప్పి లేకుండె, నడిచిన. మాపటికి నొచ్చింది, కుంటిన."

"మరి నూనెతోని తగ్గిందన్నవ్ గద?"

"రాసుకుంటున్న. తగ్గుతది."

"నీకు చేతిల పోసింది గా నూనేనా?"

"కాదు. పల్లినూనె. వాసన తెల్వదా నాకు? అసలుది ఎన్క ఒక సీసా ఇచ్చిండ్రు."

చిన్నమ్మ టీ కప్పులు పెడుతూ, "లోకమంత రాసుకున్నంక తగ్గిందంటరు. ఈయన తగ్గిందని చెప్పినంక రాసుకుంటుండు" అంది.

అక్కడితో నవ్వుకుని మర్చిపోవలసిన సంగతే. కానీ చిన్నాయన మామూలు మనిషి కాదు, మాట మనిషి. వడోద్‌లో మా వాళ్ల సంఘం ఒకటుంది. రేకుల షెడ్డు, గోడకు దేవుడి పటాలు, నెలకోసారి అందరూ కలిసి భోజనం. కొట్లాటలు, పెళ్లి మాటలు, అన్నదమ్ముల పంపకాలు అక్కడే తేలుతాయి. అక్కడ రాతకోతలు లేవు. చెప్పేవాడు లేచి, భుజం మీద తువాలు వేసుకుని, నలుగురి ముందు చెబుతాడు. అలా చెప్పినదాన్ని తర్వాత కాదన్నవాణ్ణి ఇక ఎవరూ దేనికీ పిలవరు. చిన్నాయనను ఎన్నేళ్లుగానో సాక్ష్యానికి పిలుస్తున్నారు. అలాంటి మనిషి కెమెరా ముందు నిలబడి మాట్లాడాడు. కెమెరా వాళ్లకు అది ఒక వాక్యం. ఆయనకు అది నలుగురిలో అన్న మాట.

కాబట్టి ఆ మాట నిజం చేయడానికి కూర్చున్నాడు. మోకాలికి వేసుకునే బెల్టు తీసేశాడు. బొక్కల దవాఖానకు, అదే ఎముకల డాక్టర్ దగ్గరికి, వెళ్లడం మానేశాడు, ఎవరైనా చూస్తారని. బస్సు దిగిన దగ్గర నుంచి ఇంటి గుమ్మం దాకా పళ్లు బిగబట్టి నిటారుగా నడిచేవాడట. గుమ్మం దాటాక గోడ పట్టుకునేవాడట. "బయట దొరలెక్క నడుస్తడు, ఇంట్ల పసిపిల్లగాని లెక్క పాకుతడు" అని చిన్నమ్మ ఫోన్‌లో ఏడ్చింది. బెల్టు లేకుండా ఆ కాలు వాడితే ఇక వంగదని డాక్టర్ అంతకుముందే హెచ్చరించాడట.

ఆ వారమే నేను ఆ ప్రకటనను క్లాసులో వేసి చూపించాను. పిల్లలు విరగబడి నవ్వారు. ఈ అంకుల్ ఎవరు మేడమ్ అని ఒకమ్మాయి అడిగితే, ఎవరో నటుడన్నాను. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో ఆ సాయంత్రం చిన్నమ్మ ఫోన్ వచ్చాక అర్థమైంది.

వెళ్లి వాదించాను. నీ చేత అనిపించిన మాట నీది కాదని, అది కంపెనీ మాటని, కింద అక్షరాల్లో వాళ్లే ఒప్పుకున్నారని చెప్పాను. కోప్పడ్డాను కూడా.

"నీ క్లాసు నాకెందుకు బిడ్డా. నోరు నాది, మాట నాది. నలుగురు గాదు, ఊర్లకూర్లు చూసినయ్."

చివరికి ఒక షరతు మీద డాక్టర్ దగ్గరికి రావడానికి ఒప్పుకున్నాడు. తాపీ నది అవతల, అడాజన్‌లో, వడోద్ మనుషులెవరూ రాని చోటైతే వస్తానన్నాడు. ఎవరైనా కనిపిస్తే మాత్రం రోగి తాను కాదన్నాడు.

వడోద్ మనుషులు రాని చోటు ఈ ఊళ్లో లేదు. మేం వెళ్లి కూర్చున్న కాసేపటికి, చేతికి పిండికట్టుతో, కొడుకును వెంటబెట్టుకుని ఒక అవ్వ వచ్చింది. చిన్నాయన ఇంటి సందులోనే ఉంటుంది, సంఘంలో ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు. చిన్నాయనను చూసి ఆగిపోయింది.

"నీకు తగ్గింది గద తమ్మీ, గిక్కడికెందుకొచ్చినవ్?"

చిన్నాయన తడుముకోలేదు. "నాకేం అక్కా. మా బిడ్డకు మోకాళ్లు. తోల్కొచ్చిన" అన్నాడు, నన్ను చూపించి.

సరిగ్గా అప్పుడే లోపలికి పిలిచారు. అవ్వ నన్నే చూస్తోంది. ఏ కాలన్నది తేల్చుకోవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఎడమకాలు ఈడుస్తూ ఆ హాలు దాటాను. ఏడాది పొడుగునా పిల్లలకు శ్రీరంగ నీతులు చెప్పే మనిషిని, ఎంత బాగా కుంటానో నాకే ఆశ్చర్యం. చిన్నాయన నిటారుగా నా మోచేయి పట్టుకుని వచ్చాడు. చూసేవాళ్లకు ఆయన నన్ను నడిపిస్తున్నాడు. బరువంతా నా మీదే ఉంది.

తలుపు మూశాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. డాక్టర్ గుజరాతీ మనిషి, నెమ్మదస్తుడు. మోకాలు నొక్కి చూసి, ఇన్నాళ్లు ఏం చేశారని హిందీలో అడిగాడు. మగ్గం పని వెంటనే మానాలి, ఆపరేషన్ కావాలి, ఇంకా ఆగితే ఆపరేషన్‌తో కూడా కాలు పూర్తిగా స్వాధీనంలోకి రాదు అన్నాడు. చిన్నాయన అన్నీ విన్నాడు. ఆపరేషన్ చేయించుకుంటే అందరికీ తెలుస్తుంది కదా, అదొక్కటే ఆయనకు పట్టుకుంది. వద్దన్నాడు.  నాకు ఒళ్లు మండిపోయింది, జాలి కూడా వేసింది.

మూడో నాటికి చిన్నమ్మ చేత ఒక సీసా వచ్చింది. అవ్వ పంపిందట, ఆ నూనే. నా ఈడుకే మోకాళ్లు పోవడం చూసి ఆమె మనసు తరుక్కుపోయిందట. సీసాను అల్మారాలో పెట్టి తలుపు వేశాను.

ఆ నెల సంఘం భోజనాలకు చిన్నమ్మ బలవంతం మీద వెళ్లాను. ముందే వెళ్లి ఆడవాళ్ల వరుసలో కూర్చున్నాను. అవ్వ వచ్చి పక్కనే కూలబడి, "రాస్తున్నవా బిడ్డా?" అంది. చిన్నాయన ఎదురు వరుసలోనే ఉన్నాడు. రాస్తున్నానన్నాను.

"రాయి. గోలీలు మాత్రం బంద్ వెట్టు. నూనె వాడినన్ని దినాలు గోలీలు మింగొద్దని టీవీల డాక్టర్ చెప్పిండు గద. నేను బీపీ గోలీలు సుత బంద్ వెట్టిన."

"చేతికేమైందవ్వా?"

"గదేం లేదు. కండ్లు తిరిగి పడ్డ."

ఆమె గొంతు పెద్దది. చిన్నాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆయన ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. చేయి కడుక్కుని, పక్కవాడి భుజం ఆసరాతో లేచి, తువాలు సర్దుకున్నాడు. 

"అందరు జర ఇనుండ్రి. నేను టీవీల చెప్పింది ఒట్టిది. నాకేం తగ్గలే. ఆ మెట్లెక్కింది నేను గాదు, ఆ కోటేసుకున్నోడు డాక్టర్ గాదు. గోలీలు బంద్ వెట్టినోళ్లు మళ్ల మింగుండ్రి. మాట తప్పిన, తప్పే."

అది ఆ మనిషికి ఎంత కష్టమో ఆ షెడ్డులో అందరికీ తెలిసి ఉండాలి.   సంఘం పెద్ద మాత్రం నవ్వుతూ, "ఏందే, కంపెనోళ్లతోని లొల్లి వెట్టుకున్నవా? నువ్వు నడిచింది మేం కండ్లార చూడలేదా?" అన్నాడు. వరుసలో ఉన్న ఒకతను ఫోన్ తీసి ప్రకటన పెట్టాడు. వేణువు వినిపించింది. నాలుగైదు తలలు ఫోన్ మీదికి వంగాయి. "నడుసుడంటె గిది. గిప్పుడే ఏదో యాక్టింగ్ జేస్తుండు" అని ఎవరో అన్నారు.

చిన్నాయన పంచె పైకెత్తి మోకాలు చూపించాడు. అది గుమ్మడికాయంత వాచి ఉంది. "చూడుండ్రి" అన్నాడు.

ఇక కూర్చోలేకపోయాను. గబగబా లేచి, విస్తరాకుల వరుసలు దాటి ఆయన పక్కకు వెళ్లి నిలబడ్డాను. అది పల్లినూనె అని, ముందు తీసింది వెనక, వెనక తీసింది ముందు పెట్టారని చెప్పడానికి నోరు తెరిచాను. అవ్వ నాకంటే ముందే అందుకుంది.

"అగో, ఇంకా ఏం కావాల్నే మీకు? మొన్న దవాఖానల ఈ పిల్ల కాలీడ్సుకుంట వోయింది, నేనే చూసిన. నూనె పంపిన, రాసింది. గిప్పుడు ఎట్ల లేసి ఉరికొచ్చిందో చూడుండ్రి!"

షెడ్డులో ఉన్నవాళ్లంతా నా కాళ్ల వైపు తిరిగారు. చిన్నాయన పంచె పట్టుకుని మోకాలు చూపిస్తూ అలాగే నిలబడి ఉన్నాడు.