నా పేరు మీద వాడి చీటీ

ముందే చెప్పేస్తాను, తప్పు నాదే. నా కొడుకు మందులు మింగనంటే, వాడికి తెలియకుండా చాయ్‌లో కలిపి ఇచ్చాను.

మాది లక్సెట్టిపేట. ఇంట్లోనే కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడతాను. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, సెలవు కాబట్టి శుక్రవారాలు ఫోన్ చేస్తాడు. మాకు ఒక్కడే కొడుకు, ఇరవై ఏడేళ్లు. మంచిర్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నిరుడు ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చి మంచమెక్కాడు. జ్వరమేమో అనుకున్నాను. ఆ తర్వాత మళ్లీ కాలేజీకి పోలేదు.

మొదట బతిమిలాడాను. తర్వాత తిట్టాను. నా నోరు మంచిది కాదని వాడకట్టంతా తెలుసు. "లేవరాదురా, దున్నపోతోలె గీ పండుడేంది" అన్నాను. తలుపు మూసుకున్నాడు. స్నానం వారానికొకసారి, అదీ నేను నీళ్లు తోడిపెట్టి గొణిగితే. డాక్టర్ దగ్గరికి పోదామంటే మాత్రం ఎక్కడ లేని గొంతూ వచ్చేది.

"నాకేం పిచ్చి లేసిందా? ఇంకోపారి గా మాట ఎత్తకు."

మస్కట్ నుంచి ఆయన పెండ్లి చేస్తే సక్కగైతడని సలహా ఇచ్చాడు. "అన్నం తినిపిచ్చుడే నాతోని అయితలేదు, పెండ్లి ఎవలతోని అయితది" అని ఫోన్ పెట్టేశాను. పద్నాలుగు నెలలకు నిజంగా అలసిపోయాను. కన్నతల్లి అలసిపోకూడదంటారు. అన్నవాళ్లు ఒక్క వారం వచ్చి మా ఇంట్లో ఉండాలి.

మా దిక్కు తాగుడు మాన్పించడానికి ఏదో పొడి ఇస్తారు. మొగుడికి తెలియకుండా కూరలో కలపాలి. మస్కట్ పోకముందు మా ఆయనకూ చెన్నూరు నుంచి తెప్పించి పప్పులో కలిపాను. మూడు రోజులు కడుపు పాడైంది తప్ప తాగుడు తగ్గలేదు. అయినా ఎవరూ అది తప్పనుకోరు, పొడి పనిచేసిందా లేదా అనే అడుగుతారు. అందుకే నాకు ఆ దారే తోచింది.

కానీ మనిషిని చూడకుండా ఏ డాక్టరూ మందు రాయడు కదా. కాబట్టి నేనే రోగినయ్యాను. మంచిర్యాలలో అయితే ఎవరన్నా చూస్తారని కరీంనగర్ బస్సెక్కాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిగ్గా అడిగింది. వాడివన్నీ నావిగా చెప్పాను.

"నిద్ర పడ్తలేదమ్మా. పొద్దున లేవబుద్ధి కాదు. అన్నం సయించదు. ఫోన్ మోగితే గుండె దడ. స్నానం చెయ్యాల్నంటే గుట్ట ఎక్కినట్టుంటది. అందరికి నేనే బరువైన అనిపిస్తది."

చివరిది వాడెప్పుడూ నాతో అనలేదు. వాడి మొహం చూసి నేనే అనుకున్నది. అది చెబుతుంటే ఏడుపు ఆపుకోలేకపోయాను. డాక్టరమ్మ నన్ను నమ్మింది. నేను చెప్పినవన్నీ చీటీ మీద రాసుకుని, కింద గోళీలు రాసి, మళ్లీ వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లను ఎవరినైనా తీసుకురమ్మంది.

రోజూ పొద్దున ఒక గోళీని కాగితంలో పెట్టి చపాతీ కర్రతో నలిపి చాయ్‌లో కలిపేదాన్ని. మూడో రోజు "చేదున్నది" అన్నాడు. పాలు అడుగంటినయ్ అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. ఐదో రోజు నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చాడు. నా చేతిలో కర్ర ఉంది, పీట మీద తెల్లటి పొడి ఉంది. గోళీల పక్కనున్న చీటీ తీసుకుని గదిలోకి పోయాడు.

ఆ రోజు నుంచి నా చేతి తిండి ముట్టలేదు. దుకాణానికి పోయి బిస్కెట్ పుడలు తెచ్చుకున్నాడు. నీళ్లు కూడా వాకిట్లో నల్లా దగ్గర తానే పట్టుకున్నాడు. పక్కింటామె గోడ మీదుగా సంతోషపడింది. "మీ పిలగాడు బయటికొస్తుండు, మంచిగైండు గదా." మంచిగైండు అన్నాను. ఏం చెప్పను, కన్నతల్లి అన్నం అంటే భయపడి బయటికొస్తున్నాడని చెప్పనా?

వాడు నా తిండి మానేసిన నాలుగో రోజు సాయంత్రం అన్నం, పచ్చిపులుసు కలిపి పళ్లెం తీసుకుని వాడి గదిలో కూర్చున్నాను. వాడు చూస్తుండగా ఆ పళ్లెంలోంచి మొదటి ముద్ద నేనే తిన్నాను.

"తప్పైంది బిడ్డా. నిన్ను అడగకుంట కలిపిన. మల్ల జన్మల కలప."

నేను ఎవరినీ క్షమించమని అడిగిన మనిషిని కాదు. వాడు దిండు కింది నుంచి చీటీ తీశాడు.

"గివన్ని నువ్వే చెప్పినవా?"

"ఔ."

"నీకే అయినట్టు?"

"ఔ బిడ్డా."

చీటీ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివాడు. కోప్పడతాడని కూర్చున్నాను.

"ఒకటి ఇడిసిపెట్టినవ్ అవ్వా" అన్నాడు. "నువ్వు పిలుస్తవ్ సూడు, నాకు ఇనవడ్తది. పలుకుదామనే అనుకుంట. నోట్లకెల్లి మాట రాదు."

దాన్ని నేను రోగం కింద లెక్కపెట్టలేదు. పొగరనుకున్నాను. ఈ పద్నాలుగు నెలల్లో వాణ్ని దేనికన్నా ఎక్కువ తిట్టింది పిలిస్తే పలకనందుకే.

"గది నాకు తెల్వది బిడ్డా" అన్నాను. "డాక్టరమ్మకు నువ్వే చెప్పాలె."

వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. పళ్లెం దగ్గరికి జరుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడు.

ఇది జరిగి మూడు వారాలైంది. కరీంనగర్ ఇంకా పోలేదు. అలసట కూడా పోలేదు. వచ్చే సోమవారం నేనొక్కదాన్నే పోయి, ఆ చీటీ ఎవరిదో డాక్టరమ్మకు నిజం చెబుతాను, తిడితే పడతాను. రోజూ అన్నం వేళకు మాత్రం వాణ్ని పిలుస్తున్నాను. ఒక్కసారే పిలుస్తాను. పలకకపోతే మళ్లీ అరవను. వింటున్నాడు కదా.