పద్మజ తీసేసిన లైను

పద్మజ రాసిన ప్రోగ్రాములో ఒక లైను తప్పని పదిమంది ముందు చెప్పారు. దాని బదులు ఏం రాయాలో అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. ఆ అమ్మాయి ప్రోగ్రాములు రాయడమే మానేసింది. జరిగిన అన్యాయం ఇది.

కోవిడ్ సద్దుమణిగాక రెండో చలికాలం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర, కార్ల బ్రేకు భాగాలు చేసే కంపెనీ. రిటైరయ్యే వయసు దాటినా నేనక్కడ పాత ప్రోగ్రాములు చూసుకుంటున్నాను. పద్మజ డేటా ఎంట్రీకి చేరింది. పాప పుట్టాక చాలా ఏళ్ళు ఉద్యోగానికి దూరమైన మనిషి. సప్లయర్లు పంపే కొలతల ఫైళ్ళను రోజూ చేత్తో ఒక షీట్‌లోకి ఎక్కించాలి. విసిగిపోయి, నెట్‌లో వీడియోలు చూసి మ్యాక్రో రాసుకుంది. ఆ చాకిరీ అంతా షీట్ తనంతట తనే చేసుకునే చిన్న ప్రోగ్రాము అది. నడిచిన రోజు నా టేబుల్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, నేను కాఫీ తాగొచ్చేసరికి మొత్తం అయిపోయింది! డెవలపర్ పోస్ట్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా. నవ్వకండి."

"నవ్వను గానీ, స్వీట్స్ ఎప్పుడమ్మా?"

ఆ మ్యాక్రోలో మొదటి లైను 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్'. ఎక్కడ తప్పొచ్చినా ఆగకు, తర్వాతి లైనుకు పో అని దానర్థం. ఎర్రర్ బాక్సు చూస్తే బెదిరిపోయే కొత్తవాళ్ళకు అది ధైర్యం. ప్రమాదమూ అక్కడే ఉంది, జరిగిన తప్పు ఎవరికీ కనబడదు. ఒకరోజు ఒక సప్లయర్ ఫైలు రాలేదు. మ్యాక్రో నోరెత్తకుండా ముందుకెళ్ళింది, ఆ వరసలో నిన్నటి అంకెలే మిగిలాయి. సరుకు బయటికి పోకముందే ఎవరో గమనించారు కాబట్టి సరిపోయింది.

దాంతో మ్యాక్రో కోడ్ రివ్యూకు వెళ్ళింది. ఒకరు రాసింది తక్కినవాళ్ళు చదివి పక్కన వ్యాఖ్యలు పెట్టే పద్ధతి అది. టీమ్ లీడ్ కార్తీక్, మన తెలుగువాడే, ఆ లైను పక్కన "ప్రోగ్రామర్ అనేవాళ్ళెవరూ ఇది రాయరు" అని ఇంగ్లీషులో పెట్టాడు. కింద నవ్వుముఖాలు వరసకట్టాయి.

ఉండబట్టలేక అతని దగ్గరికెళ్ళాను. "లైను తప్పే, కాదనను. బదులేం రాయాలో చెప్పొచ్చుగా?"

"నెట్‌ల సర్చ్ చేస్కుంటది అంకుల్. ఇసొంటివి ఫస్ట్ డేనే బ్యాన్ చెయ్యాలె. మీ టైమ్‌ల నడిచింది, ఇప్పుడు నడ్వదు."

మా టైమ్ నాకు బాగా గుర్తుంది. నేను ఏ కాలేజీ గడపా తొక్కలేదు. విజయవాడలో ఒక కంప్యూటర్ సెంటర్లో, అట్ట ఊడిన మాన్యువల్ పట్టుకుని బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. 'గోటూ' అన్న ఒక్క ముక్కతో ప్రోగ్రాము చేత అటూ ఇటూ గెంతులు వేయించేవాణ్ణి. అది చెడ్డ అలవాటని తర్వాత తెలిసింది. తెలిసేలోపు నాకు అన్నం పెట్టింది. అప్పుడే ఎవరైనా నవ్వి ఉంటే నేను ఆ మాన్యువల్ మూసేసి ఉండేవాణ్ణి.

పద్మజ ఆ లైను తీసేసింది. మర్నాడు ఒక ఫైలు ఆలస్యమైంది, మ్యాక్రో ఎర్రర్ బాక్సు చూపించి ఆగిపోయింది. అప్పటికే కంటి ఆపరేషన్‌కు సెలవులో ఉన్న నేను తిరిగొచ్చేసరికి, ఆమె మళ్ళీ చేత్తోనే ఎక్కిస్తోంది. ఫైలు వచ్చిందో లేదో ముందే చూసుకునే విధం చెప్పబోతే, "తర్వాత చూద్దాం అంకుల్" అని స్క్రీన్ వైపు తిరిగిపోయింది. కొన్నాళ్ళకు ఉద్యోగమూ వదిలేసింది. ఆ విధమంతా విడమరిచి మెయిల్ చేశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను.

లోపమున్న పనిముట్టును కొత్తవాళ్ళ చేత మాన్పించాల్సిందే. మాన్పించేవాళ్ళు ఆ పూట పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఇన్నేళ్ళ పనిలో ఇది నాకు ఇంత ఆలస్యంగా, ఇలా తెలిసింది.

మంచు కరిగాక జవాబొచ్చింది.

"అంకుల్, మీరు పంపింది చదివాను. అర్థమైంది, చాలా ఈజీగా ఉంది. కానీ ఏ లైన్ టైప్ చేసినా వెనకాల ఎవరో నవ్వుతున్నట్టే ఉంటోంది. ల్యాప్‌టాప్ పాపకి ఇచ్చేశాను. ఇంక పంపకండి, ప్లీజ్."