పెళ్లిపత్రిక కొలత

ఆ రోజుల్లో చంద్రపూర్‌లో మనిషి హోదాను మేడ చూసి కాదు, పెళ్లిపత్రిక మందం చూసి చెప్పేవారు. అంతకుముందు గులాబీరంగు పల్చటి కాగితం వచ్చేది. బజారులోకి కొత్త డబ్బు, కొత్త సామాను దిగిన ఆ ఏళ్లలో పత్రికలకు మఖమల్, జరీ, వెండి గణపతి అంటుకున్నాయి. (నాకు చదువు లేదు గానీ, పత్రికను చేత్తో తడిమి ఎంత పెద్దింటిదో చెప్పేదాన్ని.) ఆ మందమే మా ఆయన పనికి ఎసరు పెట్టినంత పని చేసింది.

కొత్తగా పెళ్లయి బాబుపేట్‌లో ఒంటిగదిలో ఉండేవాళ్లం. మా ఆయన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడు. దాని నాలుగు లావు తీగలు, మెడ మీద అడ్డంగా ఉండే మెట్లకు మరీ దగ్గరైతే జిర్రుమంటాయి, మరీ ఎత్తయితే ఎడమచేతి వేళ్లతో అణచలేం. ఆ సందు కొలవడానికి ఆయనకొక ఆచారం ఉండేది. ఏ ఇంటి పెళ్లికి వాయించాలో ఆ ఇంటి పత్రికనే రెండు మడతలు పెట్టి, పన్నెండో మెట్టు మీద తీగ కింద దూర్చి, తగిలీ తగలనట్టు వచ్చేదాకా తీగల ఎత్తు మార్చే మరలు తిప్పేవాడు. అట్లా చేస్తే శుభమట. ఒకసారి ఒక చిన్నింటి పెళ్లిలో పత్రిక మరీ పల్చనిది కావడంతో తీగలు పాటపాటకూ జిర్రుమన్నాయి. ఆర్కెస్ట్రా పెద్దను, ఒకప్పుడు హార్మోనియం పెట్టె వాయించేవాడని, అందరూ పెట్టెమాస్టర్ అనేవాళ్లు. ఆయన కొన్న కొత్త కీబోర్డులో ఎడమచేత్తో నొక్కితే బేస్ కూడా పలుకుతుంది. మా ఆయనను పిలిచి నెమ్మదిగా చెప్పాడు: "ఇంకోసారి జిర్రుమన్నదంటే దాన్ని మూలకు పెట్టు తమ్మీ. నా ఎడమచెయ్యి ఖాలీగనే ఉంది."

ఆ తర్వాతది దుర్గాపూర్ బొగ్గు కాంట్రాక్టరు ఇంటి పెళ్లి. పత్రిక చెప్పు అట్టంత మందం ఉంది. దాన్నీ రెండు మడతలు పెట్టి, మోకాలితో అదిమి, తీగ కింద దూర్చాడు.

"గింత ఎత్తుంటే బట్టలారేసుకోవచ్చు. నీ చేతి ఏళ్లు ఆగుతయా?" అన్నాను.

"నీకేం ఎరుకే. పెద్దింటి లగ్గం, పెద్ద కొలత," అన్నాడు.

అంత ఎత్తు పెట్టినందుకు ఒక్క తీగా జిర్రుమనలేదు. కానీ రెండో పాటకే వేళ్లు మొరాయించాయి. ఆయన వెనకపడితే డోలక్ అతను ఆయన కోసం ఆగాడు, పాట ఎద్దుబండిలా నడిచింది. పెట్టెమాస్టర్ పళ్లు కొరుకుతూ, బేస్ తానే నొక్కడానికి ఎడమచెయ్యి పైకెత్తాడు. ఆయన వెంట వెళ్లిన నేను, ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆ చెయ్యినే చూస్తున్నాను. అంతలో, పొట్టలు మోసుకుని గోడవారగా కూర్చున్న పెళ్లికొడుకు మేనమామలు ఒక్కొక్కరే లేచి ఎగరడం మొదలుపెట్టారు. వాళ్లలో పెద్దాయన చెమట తుడుచుకుంటూ వేదిక దగ్గరికొచ్చాడు: "గిప్పుడు మా కాళ్లకందింది పాట. గీ తీగలాయనను ఇడువకు మాస్టర్. మా చిన్నోని లగ్గానికి గూడ ఈయననే తోలుకరా."

ఎత్తిన చేత్తో మాస్టర్ తల గోక్కున్నాడు. ఇక మూలకు పెట్టమనే మాట ఎత్తలేదు.

భోజనాల పంక్తిలో మా ఆయన బొబ్బలెక్కిన వేళ్లు చూపించి, పూరీ తుంచలేనని దీనంగా మొహం పెట్టాడు. చుట్టూ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, సిగ్గుతో చస్తూ విస్తరి అంతా నేనే తినిపించాను. బొబ్బలు ఎడమచేతికి కదా, కుడిచేతికేమైందని కొత్త పెళ్లికూతుర్నైన నాకు తట్టనే లేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే తట్టింది. ముందే తట్టినా, ఏమో, తినిపించేదాన్నే.