పళ్లెంలో పసుపు నీళ్లు

గులాబీ ఆకులు పండుబారుతుంటే మనసాగక పొద్దున్నే మట్టి పీహెచ్ చూశాను. రంగు కాగితం ఆమ్లమంది, మీటరు క్షారమంది. తప్పు మందు వేస్తే ఉన్న చెట్లూ పోతాయి. మట్టి నీళ్లు వడకట్టి పళ్లెంలో పోసి పసుపు కలిపాను, క్షారముంటే ఎర్రబడాలి. ఇంతలో బూర్గంపాడు బస్సొచ్చింది, చూడకుండానే పరుగెత్తాను. రోజంతా ఆ పళ్లెమే ధ్యాస.

సాయంత్రం వచ్చేసరికి పళ్లెం ఖాళీ.

"నీళ్లేవి అత్తమ్మా?"

"దిష్టి తీయనీకి కలిపినవనుకున్న బిడ్డా. చెట్లకు తిప్పి మూడుబాటల కాడ పోసిన."

"ఎర్రగున్నయా?"

"యాడియి! సున్నం మర్శిపోతివి గద. నేనే ఇంత ఏస్తే మంచిగ ఎర్రబడ్డయి."

అంటే ముందు పసుపుగానే ఉన్నాయన్నమాట, కాగితమే నిజం! కానీ అత్తమ్మ కళ్లజోడు పెట్టుకోదు.

కాగితమా, మీటరా, అత్తమ్మ కళ్లా? మీరైతే దేన్ని నమ్ముతారు?