నవలలో పెన్సిల్ గీతలు

పెళ్ళయి ఓడ దిగినప్పుడు నా భార్య వెంట ఒక ఇనప ట్రంకుపెట్టె వచ్చింది. చీరలేమోననుకుని భుజాన వేసుకున్నాను. నాలుగడుగులకే భుజం వాలిపోయింది. "రాళ్ళు తెచ్చారా భయ్యా?" అని ఆటోవాడు హిందీలో నవ్వాడు. ప్రోతరాపూర్‌లో మా ఇంటికొచ్చి మూత తీస్తే లోపలంతా నవలలు.

నాకు తెలుగు చదవడం రాదు. మా తాత శ్రీకాకుళం నుంచి కూలిపనికి ఈ దీవికి వచ్చాడు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం కానీ నేను బడిలో నేర్చుకున్నది హిందీ. తెలుగు అక్షరాలు చూస్తే మోటారు వైండింగు విప్పినప్పుడు కింద పడే రాగితీగ ముక్కల్లా ఉండేవి. నేను బోటు ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్‌ని. ఆమెది టెక్కలి దగ్గర ఊరు, ఇంటర్ దాకా చదివింది. పెళ్ళికి ముందు రెండుసార్లు వీడియోకాల్‌లో మాట్లాడుకున్నాం. రెండుసార్లూ సిగ్నల్ సరిగ్గా లేదు.

మా మధ్య గొడవలు ఉండేవి కావు, మాటలూ పెద్దగా ఉండేవి కావు. నేను ఇంట్లో ఉండే ఆదివారాల్లో ఆమె అన్నం తిని, గిన్నెలు తోమి, వెనక గుమ్మంలో కూర్చుని నవల తెరిచేది. కాసేపటికి తనలో తను నవ్వుకునేది. ఒక్కోసారి కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. నేను పక్కనే మంచం మీద పడుకుని చూస్తుండేవాణ్ణి.

"కథేంటి?" అని అడిగాను ఒకరోజు.

"ఏటీ లేదండీ. ప్రేమకథ."

"అందులో ఏముంటుంది?"

"ప్రేముంటుంది," అని పేజీ తిప్పేసింది.

ఆ జవాబు నన్ను నిలవనివ్వలేదు. వర్క్‌షాపులో ఇంజను విప్పి పెట్టుకుని, ఆ పుస్తకంలో మనిషి ఆమెతో ఏమంటున్నాడో అని ఆలోచించేవాణ్ణి. నేను తెచ్చిన గాజులు చూసినప్పుడు రాని నవ్వు, సినిమాకి తీసుకెళ్ళినప్పుడు రాని కన్నీళ్ళు, వాడి దగ్గర ఎలా వస్తున్నాయి? కాగితం మీద మనిషిని చూసి కుళ్ళుకుంటున్నానని తెలుసు. తెలిసినా మనసు ఆగేది కాదు. ఆమె లేనప్పుడు ఒక పేజీ ఫోటో తీసి, ఫోన్‌లో హిందీలోకి మార్చి చూశాను. దాని ప్రకారం హీరో హీరోయిన్ జడను తిన్నాడు.

అప్పుడు చదవడం నేర్చుకోవాలనుకున్నాను. డాలీగంజ్‌లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. మంగళవారం, శుక్రవారం పని అయ్యాక బస్సులో ఇంటికి వస్తూ మధ్యలో అక్కడ దిగిపోయేవాణ్ణి.

"ఈ వయసులో ఎందుకు బాబూ?" అన్నారాయన.

"శుభలేఖలు చదువుకోడానికి మాస్టారూ."

"శుభలేఖకి తారీకు చూసుకుంటే చాలుగా," అన్నారు గానీ పలక తీశారు.

అక్షరాలు తొందరగానే వచ్చాయి. ఒత్తులే ఏడిపించాయి. బస్సులో పచ్చడి ప్యాకెట్ మీదివి, ఎవరో చేతిలో పట్టుకున్న దేవుడి క్యాలెండర్ మీదివి కూడబలుక్కునేవాణ్ణి. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఓవర్‌టైమ్ అన్నాను. చెప్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వకపోయినా, ఎందుకు నేర్చుకుంటున్నానో చెప్పాల్సి వస్తుంది కదా.

శనివారం సాయంత్రాలు ఆమె పక్కింటి దీదీ దగ్గరికి కుట్టు నేర్చుకోడానికి వెళ్ళేది. ఆ రెండు గంటల్లో ట్రంకుపెట్టె తెరిచి, ఆమె ఎక్కువసార్లు చదివే నవల తీసి, వేలు పెట్టుకుని చదివేవాణ్ణి. మొదట్లో ఒక సాయంత్రానికి ఒక పేజీ అయ్యేది. హీరో పెద్ద డాక్టరు. కారులో తిరుగుతాడు, ఊరికే కోప్పడతాడు, వానలో తడుస్తాడు. ఇతను పేషెంట్లను ఎప్పుడు చూస్తాడా అని నాకు అనుమానం వచ్చేది. నిజం చెప్పాలంటే కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఇలాంటివాడితో పోటీ ఏముందిలే అనుకున్నాను.

తర్వాత పెన్సిల్ గీతలు కనిపించాయి.

కొన్ని వాక్యాల కింద ఎవరో సన్నగా గీశారు. ఎవరో ఏమిటి, ఆమే కదా అనుకున్నాను. మొదటి గీత పైన ఉన్న మాటలు కూడబలుక్కోడానికి చాలాసేపు పట్టింది. "అతను గుమ్మం దాటి వెళ్ళాక ఇల్లు ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది ఆమెకు."

మళ్ళీ చదివాను, ఒత్తు ఏమైనా తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు. ఇంకో చోట, "ఎంత దగ్గరగా కూర్చున్నా ఆ మనిషి ఎక్కడో ఉంటాడు." మరో చోట, "ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలనుకుంది."

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. మర్నాడు పొద్దున్నే ఆమెను పేరు పెట్టి పిలిచాను. చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఏటండీ, ఎవరికేటయింది?" ఏమీ కాలేదని చెప్పినా నమ్మలేదు. ఆమె పక్కన కూర్చున్నప్పుడు 'ఎక్కడో' ఉండకూడదని ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. "అలా చూడకండి, భయమేస్తోంది," అని లేచి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది ఇల్లు ఊపిరి పీల్చుకోవడం. దానికి నేను చేయగలిగింది ఒక్కటే, ఇంట్లో లేకపోవడం. పని అయిపోయినా వర్క్‌షాపులో కూర్చునేవాణ్ణి. ఆదివారాలు అబర్డీన్ బజార్‌లో కొనేది ఏమీ లేకుండా ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగేవాణ్ణి. నేను లేని ఇంట్లో ఆమె హాయిగా ఉందని ఊహించుకుంటూ, ఆ ఊహ నుంచి పారిపోతూ నడిచేవాణ్ణి. ఇలా నాలుగు నెలలు.

ఒక ఆదివారం పెద్ద వాన. బయటికి వెళ్ళడం కుదరలేదు. అన్నం పెట్టి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది.

"డాలీగంజ్‌లో ఎవరున్నారండీ?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"దీదీ చూసింది. మంగళవారం, శుక్రవారం అక్కడ దిగిపోతున్నారట. ఇంటికి ఆలస్యంగా వస్తారు. ఆదివారం ఉండరు. ఉన్న కాసేపూ దొంగలా చూస్తారు. ఎవరామె? తిన్నగా చెప్పేయండి. ఓడ టికెట్ తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను."

నాకు కోపం వచ్చింది. "అరే, తుమ్ పాగల్ హో క్యా?" అని మొదలుపెట్టి గడగడా హిందీలో ఏదేదో అరిచాను. ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. అది చూసి ఇంకా మండిపోయి, ఎంగిలి చెయ్యి కడిగి, లోపలికెళ్ళి నవల తెచ్చి ఆమె ముందు తెరిచి పెట్టాను. వేలు పెట్టి చదివాను. "అ-త-ను గుమ్మం దాటి వె-ళ్ళాక... ఇల్లు ఊ-పిరి పీ-ల్చు-కున్నట్టు..."

ఆమె నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"మీకు చదవడం వచ్చా?"

"మాస్టారి దగ్గర నేర్చుకున్నా. డాలీగంజ్‌లో ఉన్నది ఆయనే, డెబ్బై దాటిన ముసలాయన. అది కాదు, ఇది చెప్పు. నేనుంటే నీకు ఊపిరాడదా? అయితే ఇది ఎందుకు గీశావు?"

పుస్తకం అందుకుని గీతలవైపు చూసింది. ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఇవి నేను గీసినవి కావండీ. మా ఊళ్ళో బస్టాండు ఎదురుగా అద్దె పుస్తకాల షాపు ఉండేది. మూసేస్తుంటే తెచ్చుకున్నాను. ముద్ర చూడలేదా?"

మొదటి పేజీలో వెలిసిపోయిన నీలం ముద్ర ఉంది. దాన్ని చదవాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

గుండె తేలికపడాలి కదా. పడలేదు. ఎవరో తెలియని ఆవిడకు భర్తగా నాలుగు నెలలు బతికాను. ఆవిడ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు గుమ్మం దాటితే ఆవిడ ఊపిరి పీల్చుకునేదో. ఆ మాటే అంటే నా భార్య, "నేనూ అనుకునేదాన్ని. పాపం అనుకునేదాన్ని," అంది.

"మరి నువ్వు దేనికి చదువుతావు? ఆ డాక్టరంటే ఇష్టమా?"

"వాడా? వాడికి చెంపదెబ్బ కావాలి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇక్కడ బజారుకెళ్తే హిందీ, దీదీతో హిందీ. మీరూ సగం హిందీ. ఈ పుస్తకాల్లో అందరూ తెలుగులో మాట్లాడతారండీ. కొట్టుకున్నా తెలుగులోనే కొట్టుకుంటారు. మీకు కోపం వస్తే హిందీలోకి వెళ్ళిపోతారు. ఇందాకలా. నాకు సగం తెలీదు. తిట్టారో, బతిమాలారో కూడా తెలీదు. అప్పుడు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది."

నేను ఆమెను ఎన్నిసార్లు అలా వదిలేసి వెళ్ళానో లెక్కపెట్టుకోడానికి భయమేసింది. ఇంట్లోనే, ఎదురుగా నిలబడే వదిలేసి వెళ్ళాను. ప్రేమకథల్లో మనుషులు ఓడలెక్కో, రైళ్ళెక్కో దూరమవుతారు. మాటలోంచి కూడా దూరమవ్వచ్చని ఆ డాక్టరు కథలో ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి ఇద్దరం హాయిగా ఉన్నామని రాస్తే అబద్ధమవుతుంది. నాకు ఇప్పటికీ కుదురు లేదు. చదవడం మానలేదు. ట్రంకుపెట్టెలో నవలలు ఒక్కొక్కటే పూర్తి చేస్తున్నాను, హీరోలను తిట్టుకుంటూ. పెన్సిల్ గీత కనిపించినప్పుడల్లా ఆగుతాను. ఆమె తనంతట తాను గీయాల్సి వస్తే ఏ వాక్యం కింద గీస్తుందా అని ఆలోచిస్తాను. అడిగాను కూడా. "చెప్పను పొండి," అంది. అది నవ్వుతూ అన్నదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్నామధ్య నేను మూడేళ్ళుగా దాచుకున్న పాత పిస్టన్ రింగులు పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. తుప్పు పట్టాయనుకుందట. పని నుంచి వచ్చేసరికి డబ్బా ఖాళీ. నోట్లోకి హిందీ వచ్చేసింది. దాన్ని పళ్ళతో ఆపి తెలుగులో మొదలుపెట్టాను.

"నా సామాను... అడగకుండా... నువ్వొక... నువ్వొక..."

మాట దొరకలేదు. కోపం గొంతు దాకా ఉంది, దానికి తెలుగు లేదు.

ఆమె వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. "తిక్కదాన్నా?"

"కాదు."

"మొండిదాన్నా?"

"కాదు. దానికన్నా కొంచెం పెద్దది."

ఆ రింగులు మళ్ళీ దొరకవు. నా కోపం ఏమాత్రం తగ్గలేదు. గుమ్మంలోనే నిలబడి మాట కోసం వెతుక్కుంటున్నాను. ఆమె స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నిదానంగా వెతుక్కోండి," అంది. "నేను వింటాను."