చివరి చరణం లేని క్యాసెట్టు

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో నాకు చిన్న రేడియో రిపేరు అంగడి ఉండేది. నేను కూర్చుంటే వచ్చినవాళ్ళు నిలబడాల్సిందే, అంత ఇరుకు. ఎనభైల మొదట్లో మా అన్న కువైట్ నుంచి వస్తూ రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరు తెచ్చినాడు. ఒక పక్క పాటలుండే క్యాసెట్టు, ఇంకో పక్క ఖాళీది పెట్టి మీటలు నొక్కితే ఇటు పాట అటు ఎక్కేది. అది వచ్చినాక రేడియోలు మూలకు పడినాయి. జనం తమకు కావాల్సిన సినిమా పాటలు కాగితం మీద రాసుకొని, ఖాళీ క్యాసెట్టు చేత పట్టుకొని వచ్చేవాళ్ళు. నేను ఎక్కించి ఇచ్చేవాణ్ణి.

బళ్ళారికి పోయి కొత్త సినిమా రికార్డు ఒక్కటి కొనుక్కొచ్చి, ప్లేయరు మీద తిప్పి ఒక క్యాసెట్టులోకి ఎక్కించుకుంటే, దాంతో ఎన్ని క్యాసెట్లు నింపినానో నాకే తెలీదు. అది తప్పని నాకు తోచలేదు, ఎవరూ చెప్పలేదు. రికార్డు నేను కొన్నదే, మిషను నాదే, క్యాసెట్టు వాళ్ళది. ఇంక ఇందులో దొంగతనం యాడుంది అనుకునేవాణ్ణి. అట్టల మీద పాటల పేర్లు నా భార్య రాసేది. పదో తరగతి దాకా చదివిన మనిషి. అచ్చు వేసినట్టుండేది ఆమె చేతిరాత. మధ్యాహ్నం వంట ముగించుకొని అంగడికి వచ్చి, వెనక చెక్కబల్ల మీద కూర్చొని రాసేది.

ఒకసారి ఎమ్మిగనూరులో ఒకరింట్లో పెద్ద రేడియో పాడైతే చూసేదానికి పోయినాను. నేతగాళ్ళ వీధి. పక్కింట్లో ఎవరో మగ్గం నేస్తూ పాడుతున్నారు. మగ్గం చప్పుడే ఆ పాటకు తాళం. రేడియో పని మరిచిపోయి గోడకు ఆనుకొని విన్నాను. ఇంటాయన నవ్వి, "ఆయప్ప దినామూ పాడతాడులే. సొంతంగా కట్టుకున్న పాటలు," అన్నాడు.

ఆయన్ని పోయి పలకరించినాను. అరవై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. కరువు సంవత్సరం మీద ఒక పాట, తన మనసును తానే తిట్టుకునే పాట ఒకటి, అట్ల తొమ్మిది తత్వాలు కట్టినాడంట. టేపులో ఎక్కించుకుంటానని అడిగినాను.

"ఎందుకప్పా?"

"ఇనేదానికే పెద్దనాయనా. బాగుండాయి."

కొంచెంసేపు ఆలోచించి, "అట్లయితే ఎక్కించుకో. పాట సగంలో మాత్రం నిలపొద్దు," అన్నాడు.

తర్వాతి ఆదివారం మిషను దుప్పట్లో చుట్టుకొని బస్సులో పోయినాను. ఆయన కోసం ఆ వీధిలో చుట్టుపక్కల మగ్గాలన్నీ గంటన్నర నిలిపినారు. ఆయన తన మగ్గం గుంతలోనే కూర్చొని, చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ తొమ్మిది పాటలూ పాడినాడు. పెద్ద క్యాసెట్టు రెండు పక్కలా నిండింది.

నాకోసమే ఎక్కించుకున్నాను. ఆ మాట నిజమే. అయితే అంగడి తెరవగానే పొద్దున్నే ఆ పాటలు పెట్టేవాణ్ణి. ఆస్పరి పక్కనుంచి పత్తి అమ్ముకోను వచ్చిన రైతు ఒకాయన నిలబడి విని, నాకొకటి కావాలన్నాడు. ఎక్కించి ఇచ్చినాను. ఆయన ఊర్లోవాళ్ళు ఇద్దరు వచ్చినారు. తర్వాత గోనెగండ్ల నుంచి, చిప్పగిరి నుంచి భజనలు చేసుకునేవాళ్ళు వచ్చినారు. అందరూ చవగ్గా దొరికే, తక్కువసేపు నడిచే చిన్న క్యాసెట్లు తెచ్చేవాళ్ళు. వాటిలో తొమ్మిది పాటలు పట్టవు. రెండు పాటలు తీసేస్తే జనం ఒప్పుకోరు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ప్రతి పాటకూ చివరి చరణం వచ్చేసరికి మీట నొక్కి నిలిపేస్తే, తొమ్మిదీ సరిపోతాయి.

అట్లే చేసినాను. నా భార్య రాస్తున్నది నిలిపి తలెత్తింది.

"పాట ముగియలేదు గదా. నిలిపేసినారే?"

"ఆ ముక్క ఎవరికి తెలుస్తుంది?"

"కట్టినాయనకు తెలుస్తుంది," అని మళ్ళీ తల వంచుకొని రాసుకుంది. నేను తర్వాతి పాటకు మీట నొక్కినాను. ఆయన్ని ఒక మాట అడిగి రావాలని కూడా నాకు అనిపించలేదు. ఎమ్మిగనూరు ఏమంత దూరమని? గంట ప్రయాణం.

ఏడాది తిరగకముందే ఆ పాటలు నా చేయి దాటిపోయినాయి. దూరపు ఊరి అంగడాయన ఎవరో నా క్యాసెట్టు నుంచి ఎక్కించి, రంగు అట్ట అచ్చు వేయించి, మీద ఎవరో భజన గురువు పేరు పెట్టి అమ్ముతున్నాడు. ఆ అట్ట చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. నా సొమ్ము ఎవరో ఎత్తుకుపోయినట్టు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కోపానికే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఒకనాడు మధ్యాహ్నం ఆ పెద్దాయనే మా అంగడి ముందుకు వచ్చి నిలబడినాడు. చంకలో సంచి, మొహాన చెమట. నూలు పనిమీద ఆదోనికి వచ్చినాడంట. నేను లేచి స్టూలు వేసినాను.

"మార్కెట్టు కాడ హోటల్లో టీ తాగతాంటే నా పాట ఇనపడిందప్పా," అన్నాడు. "సంతోషమై కూర్చున్నా. కడా చరణం రాలే. ఇంకో పాట వచ్చె. దానికీ రాలే. హోటలాయన సూపిస్తే అట్ట మీద ఎవరిదో పేరుండాది. నీ మిషనేమన్నా సెడిపోయిండాదేమో, అడుగుదామని వచ్చినా."

అవును, మిషనే చెడింది అనే మాట నా నాలుక చివరికి వచ్చింది. వెనక నా భార్య కలం కింద పెట్టి నన్నే చూస్తోంది.

"మిషను కాదు పెద్దనాయనా. నేనే కోసేసినా. చిన్న క్యాసెట్టులో పట్టలేదు," అన్నాను.

ఆయన స్టూలు మీద కూర్చొని చెమట తుడుచుకున్నాడు. నేను డబ్బు సంగతి ఎత్తినాను. చేయి అడ్డం పెట్టినాడు.

"దాని కోసం రాలేదప్పా. నా పేరు లేదని కూడా కాదు. నా పాటల్లో నా పేరు యాడా ఉండదు. కడా చరణంలో ఉండేది మా గురువు పేరు. గోనెగండ్లలో దూదేకే సాయిబు. నాకు అక్షరాలు నేర్పినాడు, తాళం నేర్పినాడు. ఆయప్పకు పిల్లల్లేరు. సమాధి మీద రాయి కూడా లేదు. ఆయప్ప పేరు నిలబడిండేది ఆ చరణాల్లోనే. ఎవరి పేరన్నా అట్ట మీద వేసుకోనీ. ఆయప్పను తీసేస్తే ఎట్ల?"

"అట్ట వేసింది నేను కాదు," అన్నాను. నాకే ఆ మాటలో బలం లేదనిపించింది.

"నువ్వు కాదులే. నీ కాడనుంచే గదా పోయింది," అన్నాడు. గొంతు పెంచలేదు. నా భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, సంచి సర్దుకొని, బస్సుకు పోయినాడు.

ఆ వారమంతా నేను సినిమా పాటల పని పక్కన పెట్టినాను. పెద్ద క్యాసెట్లు కొని, తొమ్మిది పాటలూ కోత లేకుండా ఎక్కించినాను. నా భార్య ప్రతి అట్ట మీదా ఆయన పేరూ, కింద ఆయన గురువు పేరూ రాసింది. ఎవరెవరికి ఇచ్చినానో గుర్తు తెచ్చుకుంటూ ఊర్లు తిరిగినాను. పాతది తీసుకొని కొత్తది ఇచ్చేదే పని. గోనెగండ్లలో గురువు పేరు వినగానే ఒక ముసలామె, "మా పరుపులు ఆయప్పే కుట్టినాడు," అని కళ్ళు తుడుచుకుంది. కైరుప్పలలో మైకుసెట్టు పెట్టుకున్నాయన అక్కడికక్కడే పెట్టి వినిపించినాడు. ఉగాది మరునాడు పిడకలతో కొట్టుకునే వాళ్ళూరి పండగకు కూడా ఇదే వేస్తానన్నాడు. చిప్పగిరిలో ఒకాయన మాత్రం ఇవ్వనన్నాడు. "నాకు ఇదే అలవాటైంది. పాట పొడుగైతే భజనలో జనం లేచిపోతారు," అన్నాడు. ఆయన్ని బలవంతపెట్టే హక్కు నాకెక్కడిది?

కడాకు రంగు అట్ట వేసినాయన దగ్గరికి పోయినాను. పెద్ద అంగడి, ఫ్యాను కింద కూర్చొని ఉన్నాడు. నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"నువ్వు సినిమా పాటలు ఎక్కిస్తావు గదా అన్నా. అవి కట్టినోళ్ళను, పాడినోళ్ళను అడిగే ఎక్కిస్తాండావా?" అన్నాడు.

అడగలేదని ఒప్పుకున్నాను. వాళ్ళ మొహాలు నేను చూడలేదు, వాళ్ళెవరూ నా స్టూలు మీద కూర్చొని చెమట తుడుచుకోలేదు. పెద్దాయన మొహం నేను చూసినాను, ఈ అంగడాయన చూడలేదు. నాకూ ఈయనకూ తేడా అంతే.

"ఫుల్లుగా ఉండేది ఇచ్చిపో. ఇంకమీద అదే ఎక్కిస్తా. అట్ట మాత్రం మార్చను, వేలల్లో అచ్చు వేయించినా," అన్నాడు.

ఇవ్వాలో వద్దో తెలియక ఎమ్మిగనూరు పోయి పెద్దాయన్ని అడిగినాను. ఈసారన్నా అడగాలి గదా. ఆయన పోగు సరిచేసుకుంటూ విని నవ్వినాడు.

"ఇయ్యప్పా. వాని బస్సులో మా గురువు ఊర్లు తిరుగుతాడు. టిక్కెట్టు మీద ఎవరి పేరుంటే ఏమి?"

ఇచ్చినాను. అది మంచిపనో, ఇంకో తప్పో నాకు ఈరోజుకీ తేల్చుకోవడం చేతకాలేదు. పాటలు మాత్రం పూర్తిగా వినబడేవి. అట్ట మీద ఆ వేరే పేరు అట్లే ఉండిపోయింది.

సినిమా పాటలు మానేసినానా అంటే, లేదు. ఇంకా నాలుగైదేళ్ళు ఎక్కించినాను. ఇల్లు దాంతోనే గడిచేది. ఒక్కటే మారింది. పాట పేరు పక్కన రాసినాయన పేరు, పాడినామె పేరు కూడా నా భార్య రాసేది. రికార్డు అట్ట మీద లేకపోతే తెలిసినవాళ్ళను అడిగి రాసేది. "ఇవన్నీ ఎందుకక్కా, పాట పేరు సాలు," అని కొందరు విసుక్కునేవాళ్ళు. పేరు రాస్తే సరిపోయిందని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ అనుకోలేదు.

తర్వాత కంపెనీ క్యాసెట్లే చవగ్గా అంగళ్ళలో దొరకడం మొదలైంది. పాటల పట్టీలు తెచ్చేవాళ్ళు తగ్గినారు. నేను మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టుకొని రిపేర్లకు కూర్చున్నాను. ఒకనాడు పెద్దాయన మనవరాలు తండ్రితో వచ్చి, పాడైన టేప్ రికార్డరు బల్ల మీద పెట్టింది. మూత విప్పుతూ తాత ఎట్లున్నాడని అడిగినాను.

"బాగుండాడు. పదో పాట కట్టినాడు," అంది. "మిషను బాగైతే, నేనే ఎక్కించుకుంటాను."